షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేయాలి: విశాఖలో ఆన్‌లైన్‌గా చదివినవాళ్లు చెప్పండి

గాజువాక ఫిట్టరు | ఆదివారం, రాత్రి 11.20

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. ఇంటర్ తర్వాత బీకాంలో చేరాను. రెండో సంవత్సరంలో నాన్నగారు పోయారు, చదువు అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఐటీఐ ఫిట్టరు చేసి, గాజువాక దగ్గర ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనిలో ఉన్నాను. ఒక వారం ఉదయం 6 నుంచి 2, మరో వారం 2 నుంచి రాత్రి 10, ఇంకో వారం రాత్రి 10 నుంచి తెల్లవారి 6.

పోయిన నెల మా సెక్షనుకు కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. మూడేళ్ల క్రితం అతనికి బేరింగు బిగించడం నేనే నేర్పాను. అతనికి డిగ్రీ ఉంది, నాకు లేదు. అతని మీద నాకు కోపం లేదు, మంచి పిల్లవాడు. కానీ ఆ రోజు ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే చదవాలని ఉంది. నా సందేహాలు ఇవి. ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య ఒకటేనా? రేపు ఎవరైనా ఇది చెల్లదంటారా? పాత బీకాం రెండేళ్లు కలుస్తాయా? అన్నిటికంటే ముఖ్యంగా, ఇలా మారే షిఫ్టుల్లో ఎవరైనా నిజంగా పూర్తి చేశారా?

ఇంకో మాట. ఒక కన్సల్టెన్సీవాళ్లు "పుస్తకం ముట్టుకోనక్కరలేదు, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. ఇంకా డబ్బు కట్టలేదు.

సీతమ్మధార బ్యాంకు ఉద్యోగిని | సోమవారం, ఉదయం 6.45

అన్నా, ముందు ఆ కన్సల్టెన్సీ గడప మళ్లీ తొక్కవద్దు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులను ఇంకొకరి చేత ఫ్రాంచైజీగా నడిపించడానికి విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. ప్రవేశం ఇవ్వాల్సింది విశ్వవిద్యాలయం, ఫీజు కట్టాల్సింది దాని ఖాతాకు. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థీ యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైటులో తన పేరు మీద డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ ఉండాలి. ఇవి మీ ఆధారుతో, మీ ఫోనులో, మీ చేతులతో చేయాల్సిన పనులు. "మేం చూసుకుంటాం" అన్నవాడికి ఓటీపీ చెప్పారంటే మీ చదువు తాళంచెవి వాడి చేతిలో పెట్టినట్టే.

దూరవిద్య, ఆన్‌లైన్ ఒకటి కావు. దూరవిద్యలో పుస్తకాలు ఇస్తారు, అధ్యయన కేంద్రం ఉంటుంది, కొన్ని రోజులు తరగతులు పెడతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన పరిధి దాటి దూరవిద్య నడపకూడదు. ఆన్‌లైన్‌కు ఆ సరిహద్దు లేదు. వీడియో పాఠం, చదువుకునే పాఠం, చర్చ, స్వయంగా పరీక్షించుకునే ప్రశ్నలు అన్నీ తెర మీదే ఉంటాయి. రెండింటిలోనూ అసైన్‌మెంట్ల వంటి అంతర్గత మార్కులు 30 శాతానికి మించకూడదు, మిగతాదంతా చివరి పరీక్షే.

చెల్లుబాటు గురించి భయపడకండి. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇచ్చిన డిగ్రీ, తరగతి గదిలో చదివిన డిగ్రీతో సమానమని 2020 నిబంధనల్లోనే ఉంది. 2022 సెప్టెంబరులో యూజీసీ మళ్లీ ప్రకటన ఇచ్చింది. అయితే గుర్తింపు విశ్వవిద్యాలయానికి ఉంటే సరిపోదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే విడతకు అనుమతి ఉండాలి. బ్యూరో జాబితాలో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

నేను ఎంకాం దూరవిద్యలోనే చేశాను. పదోన్నతి ఇంటర్వ్యూలో దాని గురించి ఒక్కరూ అడగలేదు.

ఎన్ఏడీ కొత్తరోడ్డు ఇంజినీరు | సోమవారం, ఉదయం 9.10

చెల్లుబాటు వేరు, విలువ వేరు. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలో గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం డిగ్రీ ఉంటే చాలు. ప్రైవేటు కంపెనీలో ఎంపిక చేసే మనిషి మనసులో ఏముంటుందో ఏ నిబంధనా మార్చలేదు. నేను ఇంటర్వ్యూలు చేసిన మనిషిని. "ఆన్‌లైన్" అన్న మాట చూడగానే పక్కనున్నవాళ్లు దరఖాస్తు కిందికి జరపడం చూశాను. ఫిట్టరు గారి విషయంలో మాత్రం కంపెనీ అడుగుతున్నది డిగ్రీ అర్హత ఒక్కటే, పనితనం వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆయన తప్పకుండా చేరాలి. కానీ కొత్త ఉద్యోగం కోసం చేరేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని చేరండి.

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ | సోమవారం, సాయంత్రం 5.30

ఫిట్టరు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

మన ఊళ్లో ఈ చదువు కొత్తది కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. అంతకు పదేళ్ల ముందు, 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఈ దారి వేసింది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి 1971లో తొలి విద్యార్థులను చేర్చుకుంది, బీబీసీలో పాఠాలు చెప్పింది. దేశంలో మొదటి సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయం మన తెలుగువాళ్లదే. 1982లో హైదరాబాదులో పెట్టారు, అదే తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. మూడేళ్లకు, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది. దానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది.

నేను వాణిజ్యశాస్త్రం చెప్పేవాణ్ణి. కరస్పాండెన్స్ విద్యార్థులకు పాఠాలు రాశాను, వాళ్ల జవాబు పత్రాలు దిద్దాను. ఆ పత్రాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఒకదాని అంచున నల్లటి గ్రీజు వేలిముద్ర. ఆ మనిషి ఓడరేవులో క్రేను దగ్గర పని చేసేవాడని తర్వాత తెలిసింది. తరుగుదల లెక్కలో స్థిర వాయిదాల పద్ధతి, తగ్గుతున్న నిల్వల పద్ధతి రెండూ కలిపేసి రాశాడు. తప్పు కొట్టేసి ఊరుకోలేకపోయాను. పక్కనే పావు పేజీ వివరం రాసి పంపాను. వేసవి తరగతులకు వచ్చినప్పుడు ఆ కాగితం మడతలు పెట్టి చొక్కా జేబులోంచి తీసి చూపించాడు.

అందుకే చెబుతున్నాను, పాఠం పంపడం చదువు చెప్పడం కాదు. పార్సిలులో పంపినా, తెర మీద పంపినా అంతే. అడిగినప్పుడు జవాబు చెప్పే మనిషి అవతల ఉన్నాడా లేడా, అది తెలుసుకుని చేరండి. ముందే రికార్డు చేసి పెట్టిన ఉపన్యాసాలు వందల గంటలున్నా, ఒక్క సందేహానికి బదులు రాకపోతే ఆ విద్యార్థి మూడో వారంలో మానేస్తాడు. ముఖాముఖి తరగతులు ఉన్న దూరవిద్యే మీకు మేలని నా అభిప్రాయం.

పరవాడ కెమిస్టు | సోమవారం, రాత్రి 10.50

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను.

ఆ ముఖాముఖి తరగతులు ఎప్పుడు పెడతారు? పగటిపూట, వరుసగా పది రోజులు. మా ఫార్మా కంపెనీలో బ్యాచ్ నడుస్తుండగా పది రోజులు సెలవు అడిగితే ఇస్తారా? దూరవిద్యలో ఎమ్మెస్సీకి కట్టి, ఒక్క తరగతికి కూడా వెళ్లలేక, ఆ ఫీజు వదులుకున్నాను. తరగతులు బాగుండే ఉంటాయి. నేను చూడలేదు.

ఇప్పుడు ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ బీఎస్ చదువుతున్నాను. అది కూడా ప్రభుత్వ సంస్థే. జేఈఈ ర్యాంకు అక్కరలేదు. నాలుగు వారాలు వాళ్ల పాఠాలే చదివి, అర్హత పరీక్ష పాసైతే సీటు. మొదటి దశలో 8 కోర్సులు, తర్వాత డిప్లొమా, ఆ తర్వాత డిగ్రీ. మధ్యలో ఎక్కడ ఆగినా ఆ మెట్టుకు తగ్గ పత్రం ఇస్తారు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. పాఠాలు ఎప్పుడైనా చూడవచ్చు, అసైన్‌మెంటుకు మాత్రం ప్రతి వారం గడువు. పరీక్షలు ఇంట్లో కూర్చుని కాదు, కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆన్‌లైన్ చదువు అంటే కాపీ అనుకునేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

కంపెనీ బస్సులో ఇంటికి 50 నిమిషాలు. కిటికీ పక్క సీటు, చెవిలో ఇయర్‌ఫోను. సంభావ్యత పాఠం ఒకటి కూర్మన్నపాలెం దగ్గర మొదలుపెడితే ఎన్ఏడీకి అయిపోతుంది. అర్థం కాకపోతే మర్నాడు అదే బస్సులో అదే పాఠం. ఏ మాస్టారైనా ఒకే పాఠం నాకోసం నాలుగుసార్లు చెబుతారా?

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ | మంగళవారం, ఉదయం 5.55

చెప్పేవాణ్ణి నాయనా. కానీ మీరు సెలవు దొరక్క నా దగ్గరికి రాలేకపోయారన్నది నిజం, అది నేను తరగతి గదిలో నిలబడి ఎప్పుడూ చూడలేదు. వచ్చినవాళ్లనే చూశాను. రానివాళ్లను లెక్కపెట్టలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

ఒక ప్రశ్న. నాలుగోసారి విన్నా అర్థం కాకపోతే ఏం చేస్తున్నారు?

పరవాడ కెమిస్టు | మంగళవారం, మధ్యాహ్నం 1.15

వాళ్ల చర్చా పేజీలో అడుగుతాను. తోటి విద్యార్థులో, బోధకులో జవాబిస్తారు. వారానికి కొన్ని ప్రత్యక్ష తరగతులు కూడా ఉంటాయి. మీరన్నది నిజమే మాస్టారూ, అది లేకపోయుంటే గణాంకశాస్త్రం దగ్గరే మానేసేవాణ్ణి.

రాత్రి డ్యూటీ నర్సు | మంగళవారం, రాత్రి 2.40

వార్డు ఇప్పుడే సద్దుమణిగింది. నా అనుభవం చెబుతాను.

ముందుగా, నర్సింగ్ డిగ్రీ ఆన్‌లైన్‌లో ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, ఇంజినీరింగ్ వంటివి ఈ పద్ధతిలో ఇవ్వకూడదు. అది సరైన నిబంధనే. సూది పట్టడం ఫోనులో నేర్చుకున్న మనిషి చేతికి రోగిని అప్పగించలేం. నేను ఆసుపత్రి పరిపాలన వైపు వెళ్లాలని ఆన్‌లైన్‌లో పీజీ చేస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు రాయను.

పాఠాలు నాకు కష్టం కాలేదు. పరీక్ష తేదీలు కష్టమయ్యాయి. మా రోస్టరు నెల మొదలవకముందే పడిపోతుంది. ఆ తర్వాత డ్యూటీ మార్చుకోవాలంటే ఇంకో నర్సు కాళ్లు పట్టుకోవాలి. మొదటి సెమిస్టరు పరీక్షల తేదీలు 9 రోజుల ముందు చెప్పారు. రెండు పేపర్లు రాత్రి డ్యూటీ దిగిన ఉదయాన పడ్డాయి. కళ్లు మూతలు పడుతుండగా రాశాను. ఒకటి పోయింది.

ఆ పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు. గది తలుపు వేసుకున్నాను. నా కొడుకుకు అయిదేళ్లు. నీళ్లు తాగుదామని లేచి, అమ్మ కనిపించక తలుపు తోసుకుని వచ్చి నా భుజం మీద తల పెట్టాడు. తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చింది, గదిలో మరో వ్యక్తి ఉన్నారని. వాడిని నోటితో పొమ్మనడానికి లేదు, మాట్లాడితే ఇంకో హెచ్చరిక. చేత్తో మెల్లగా నెట్టాను. వాడు ఏడ్చుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత అరగంట ఏం రాశానో నాకు గుర్తు లేదు.

పని చేసేవాళ్ల కోసమే ఈ చదువు అంటున్నారు. అలాంటప్పుడు పరీక్షల పట్టిక సెమిస్టరు మొదటి రోజునే చేతిలో పెట్టాలి. ఒకే పేపరుకు రెండు తేదీలు ఇచ్చి, ఏదో ఒకటి ఎంచుకోమనాలి. వీడియో కెమెరాలు, స్టూడియోలు కొనడం కంటే ఇది ఎంత చిన్న పని!

మధురవాడ గృహిణి | బుధవారం, ఉదయం 11.30

నర్సమ్మా, మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోను ఉన్నవాళ్లం కూడా ఉన్నాం. పిల్లల హోంవర్కు అయ్యాక, ఆయన నిద్రపోయాక రాత్రి పదిన్నరకు నా చేతికి వస్తుంది. పాఠం చూడడానికి వారంలో రెండు రోజులు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్తున్నాను. అక్కడ కూర్చుంటే ఎవరూ "అమ్మా" అని పిలవరు.

ఫిట్టరు గారు ఒకటి చూసుకోవాలి. ఇంటర్ తెలుగు మాధ్యమమైతే, పాఠాలు ఏ భాషలో ఉన్నాయో, పరీక్ష తెలుగులో రాయనిస్తారో లేదో ఫీజు కట్టకముందే అడగండి. నేను అడగలేదు. మొదటి మూడు నెలలు నిఘంటువుతోనే సరిపోయింది.

మల్కాపురం అప్రెంటిస్ | బుధవారం, మధ్యాహ్నం 3.05

నాకు డిప్లొమా ఉంది. ఆన్‌లైన్‌లో బీటెక్ లేదంటున్నారు కదా, మరి మాలాంటివాళ్లకు దారి లేదా?

ఎన్ఏడీ కొత్తరోడ్డు ఇంజినీరు | బుధవారం, సాయంత్రం 7.20

ఉంది తమ్ముడూ. 2023–24 నుంచి ఉద్యోగం చేస్తున్న డిప్లొమా వాళ్ల కోసం ఇంజినీరింగ్ కళాశాలల్లో అనువైన వేళల్లో బీటెక్ నడపడానికి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అనుమతి ఇస్తోంది. నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. కాకపోతే కళాశాలకు వెళ్లాలి. దగ్గర్లో ఏ కళాశాలకు ఆ అనుమతి ఉందో వెళ్లి కనుక్కో.

నర్సు గారు చెప్పిన తేదీల మాట నన్ను ఆలోచింపజేసింది. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, ప్రభుత్వ విశ్వవిద్యాలయమే, 2014లో స్టార్‌బక్స్‌తో ఒప్పందం చేసుకుంది. కాఫీ అందించే ఉద్యోగి ఆన్‌లైన్‌లో డిగ్రీ చదివితే ఫీజు భారం అతని మీద పడదు. మన ఊళ్లో ఇన్ని పరిశ్రమలున్నాయి. ఫీజు సంగతి తర్వాత, పరీక్ష రోజున షిఫ్టు మార్చి ఇచ్చే ఏర్పాటైనా విశ్వవిద్యాలయం వెళ్లి యాజమాన్యాలతో మాట్లాడి చేయించవచ్చు కదా. విద్యార్థి ఒక్కడే వెళ్లి బతిమాలుకుంటే జరగదు, విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద అడిగితే జరుగుతుంది.

గాజువాక ఫిట్టరు | బుధవారం, రాత్రి 10.45

ఇంత మంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. కన్సల్టెన్సీవాళ్ల నంబరు తీసేశాను.

పాత బీకాం మార్కుల గురించి ఎవరైనా చెబుతారా? మెమోలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. 2011వి.

సీతమ్మధార బ్యాంకు ఉద్యోగిని | గురువారం, ఉదయం 7.00

వాటి మీద ఆశ పెట్టుకోకండి అన్నా. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. అందులో జమైన క్రెడిట్లకు, అంటే పాసైన పేపర్లకు వచ్చే పాయింట్లకు కూడా గరిష్ఠంగా 7 ఏళ్లే గడువు. మీవి అంతకు ముందువి. మొదటి నుంచి మొదలుపెట్టడమే. కానీ ఇకమీద మీరు పాసైన ప్రతి పేపరూ అందులో ఉంటుంది. ఏ కారణంగానైనా ఏడాది ఆగాల్సి వచ్చినా, 2011లో లాగా అంతా పోదు.

కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక 'స్వయం' గుర్తుంచుకోండి. 2017 నుంచి ఉంది, పాఠాలు ఉచితం. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే కోర్సు క్రెడిట్లలో 40 శాతం వరకు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

గాజువాక ఫిట్టరు | ఏడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 6.50

చేరాను. ఆన్‌లైన్ బీకాం, ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. కోర్సు పేరు బ్యూరో జాబితాలో చూసుకున్నాకే కట్టాను. డెబ్ ఐడీకి వారం పట్టింది. పదో తరగతి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, ఆధారులో పూర్తిగా ఉంది. ఆధారు కేంద్రం చుట్టూ మూడుసార్లు తిరిగాను. కొత్తగా చేరేవాళ్లు ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

రాత్రి షిఫ్టు వారంలో చదవడం నావల్ల కావడం లేదు, ఆ వారం వదిలేస్తున్నాను. 2–10 వారంలో ఉదయం 5 నుంచి 8 దాకా. నా భార్య క్యాలెండరులో నా షిఫ్టులకు ఎర్ర సున్నాలు, చదువుకు నీలం సున్నాలు చుట్టి గోడకు తగిలించింది. పరీక్షల తేదీలు ఇంకా చెప్పలేదు. నర్సు గారు అన్నట్టే అడుగుతూ రెండు ఈమెయిళ్లు రాశాను. జవాబు లేదు.

మాస్టారూ, ఒక సందేహం. చిట్టా (జర్నల్) రాశాను, ఆవర్జాలో (లెడ్జరులో) వేశాను. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కలవడం లేదు. నిన్నటి నుంచి మూడుసార్లు కూడాను. 450 రూపాయల తేడా. అక్కడ సందేహాల పేజీలో నాలుగు రోజుల క్రితం పెట్టాను, ఇంకా ఎవరూ చూడలేదు.

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ | శనివారం, ఉదయం 7.01

450ని 9తో భాగించండి. శేషం లేకుండా పోయింది, అవునా? అలా పోతే చాలాసార్లు ఎక్కడో ఒక అంకె స్థానం మారి ఉంటుంది. కూడడం ఆపి, ప్రతి మొత్తాన్నీ చిట్టాతో సరిపోల్చుకుంటూ రండి. చిల్లర ఖర్చుల దగ్గర మొదలుపెట్టండి, తొందరలో రాసేది అక్కడే.

గాజువాక ఫిట్టరు | శనివారం, ఉదయం 7.26

దొరికింది మాస్టారూ. రవాణా ఖర్చులు. చిట్టాలో 720 ఉంది, ఆవర్జాలో 270 అని వేశాను.